పదోన్నతి అడగబోయే ముందు: విశాఖలో ఉద్యోగం చేస్తున్న మహిళలకు ఒక మార్గదర్శిని

ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో మన ఊళ్లోని చాలా కార్యాలయాల్లో ఒక చిన్న సమావేశం జరుగుతుంది. విభాగాధిపతి, ఆయన పై అధికారి, హెచ్ఆర్ నుంచి ఒకరు తలుపు దగ్గరగా వేసుకుని కూర్చుని, ఎవరికి ఏ రేటింగ్ ఇవ్వాలో, ఎవరి పేరు ప్రమోషన్‌కు పంపాలో తేలుస్తారు. ఆ గదిలో మనం ఉండము. మన పేరున్న ఒక ఫారం ఉంటుంది, మన పని ఎంతో కొంత తెలిసిన ఒక అధికారి ఉంటారు. ఒక్కో పేరు మీద చర్చ పది నిమిషాలు దాటడం అరుదు. విశాఖలోని ఒక పరిశ్రమ డిజైన్ విభాగంలో నేను 27 ఏళ్లు పనిచేశాను, అందులో చివరి తొమ్మిదేళ్లు అలాంటి గదుల్లో కూర్చున్నాను. పని చేయక వెనకబడిన ఆడవాళ్లు అక్కడ నాకు చాలా తక్కువగా కనిపించారు. చేసిన పని ఫారం మీదికి రాక వెనకబడినవాళ్లు మాత్రం ఏటా కనిపించేవారు. అందుకే ఆ ఫారంలోకి మీ పని చేరడానికి ఏడాది పొడవునా ఏం చేయాలో, ఎప్పుడు ఎవరిని ఏ మాటలతో అడగాలో, అడ్డు వచ్చినప్పుడు చట్టాన్ని ఎలా వాడుకోవాలో నాకు తెలిసినంతవరకు ఇక్కడ రాస్తున్నాను.

పని పుస్తకం

ముందుగా గట్టి అట్ట ఉన్న రెండు వందల పేజీల నోటుబుక్ ఒకటి కొనుక్కోండి. కంప్యూటర్‌లో రాసుకుంటే సరిపోదా అని నన్ను చాలామంది అడిగారు. ఆఫీసు కంప్యూటర్‌లో దాచుకున్నది ఉద్యోగం మారిన రోజున, కొన్నిసార్లు విభాగం మారిన రోజునే, మన చేతికి అందకుండా పోతుంది. సొంత పుస్తకంలో రాసుకున్నది మనతోనే ఉంటుంది. అయితే సంస్థ రహస్యాలు, ఖాతాదారుల వివరాలు, రోగుల పేర్లు అందులోకి ఎక్కించకూడదు. మీరు చేసిన పని, దాని ఫలితం, తేదీ ఉంటే చాలు.

వారానికి ఒకసారి, శుక్రవారం సాయంత్రం ఇంటికి బయలుదేరే ముందు, పదిహేను నిమిషాలు దీనికి కేటాయించండి. ఎలా రాయాలన్నదే అసలు విషయం. నా దగ్గర శిక్షణలో ఉన్న ఒక అమ్మాయి తన పుస్తకంలో మొదట్లో ఇలా రాసుకుంది: “ఈ వారం పంపుహౌస్ డ్రాయింగుల పనిలో సాయం చేశాను.” ఆ వారం నిజంగా ఏం జరిగిందని కూర్చోబెట్టి అడిగితే, నీళ్లు బయటికి వెళ్లే డిశ్చార్జి లైనులో, వాటిని ఒకే దిశలో పోనిచ్చే నాన్ రిటర్న్ వాల్వు దిశ తిరగబడి ఉందని గుర్తించింది తనేనని, తను చెప్పాకే సీనియర్ సరిదిద్దారని బయటపడింది. అప్పుడు ఇద్దరం కలిసి ఆ వాక్యాన్ని తిరగరాశాము: “పంపుహౌస్ డిశ్చార్జి లైను డ్రాయింగులో వాల్వు దిశ తప్పుగా ఉందని మార్చి 6న గుర్తించి మెయిల్ పెట్టాను. ఫ్యాబ్రికేషన్ మొదలుకాక ముందే డ్రాయింగు మారింది. పైపు కోసి మళ్లీ అతికే పని తప్పింది.” రెండు వాక్యాలూ ఒకే పని గురించినవే. మొదటిది చదివిన అధికారి పేజీ తిప్పేస్తారు, రెండోది చదివినవారు ఆగి ఆ అమ్మాయి ఎవరని అడుగుతారు.

“సాయం చేశాను”, “పాల్గొన్నాను”, “చూసుకున్నాను” అన్న మాటలు మన ఆడవాళ్ల కలం నుంచి తరచుగా వస్తాయి. ఇంట్లో పదిమందికి వండి పెట్టి కూడా “ఏదో చేశాను లెండి” అనడం చిన్నప్పటి నుంచి అలవాటైంది కాబట్టి ఆఫీసు ఫారంలోనూ అదే మాట వచ్చి కూర్చుంటుంది. పుస్తకంలో ఆ మాటలు కనిపించిన చోటల్లా కొట్టేసి, కనుక్కున్నాను, లెక్కగట్టాను, ఒప్పించాను, గడువులోపల ముగించాను అని జరిగినది జరిగినట్టు రాయండి. గాజువాకలో బ్యాంకు శాఖలో పనిచేసే అధికారిణి అయితే ఎన్ని మొండి బకాయిల ఖాతాలు దారికి తెచ్చారో, ఆసుపత్రి వార్డు నర్సయితే ఎంతమంది కొత్త సిస్టర్లకు పని నేర్పారో, మధురవాడ ఐటీ కొండ మీద కోడ్ రాసే ఇంజినీరయితే రాత్రి పూట ఆగిపోయిన సర్వీసును ఎంతసేపట్లో నిలబెట్టారో అంకెతో సహా ఉండాలి. అంకె తెలియకపోతే ఊహించి వేయవద్దు. ఒక్క తప్పుడు అంకె దొరికితే మిగతా పేజీలన్నిటి మీదా నమ్మకం పోతుంది.

అదే పుస్తకంలో చివరి ఇరవై పేజీలు వేరుగా ఉంచి, మీ హోదాకు సంబంధం లేని పనులు ఎన్ని మీ మీద పడుతున్నాయో రాసుకోండి. సమావేశం జరిగితే మినిట్స్ రాయడం, పదవీ విరమణ సభకు శాలువాలూ పూలదండలూ తెప్పించడం, మార్చి 8న మహిళా దినోత్సవానికి ముగ్గుల పోటీ నడపడం, కొత్తగా చేరిన కుర్రాడికి క్యాంటీన్ కూపన్ల దగ్గర నుంచి అన్నీ చూపించడం వంటివి ఎవరో ఒకరు చేయవలసినవే. అవి ఎప్పుడూ ఒకే ఇద్దరు ఆడవాళ్లకు ఎందుకు వస్తున్నాయన్నదే ప్రశ్న. మూడు నెలల జాబితా తయారయ్యాక దాన్ని ఫిర్యాదులా కాకుండా ఏర్పాటులా అధికారి ముందు పెట్టండి: “సార్, గత మూడు నెలల్లో పదకొండు సమావేశాల మినిట్స్ నేనే రాశాను. ఈ నెల నుంచి వంతులవారీగా వేస్తే నాకు డ్రాయింగుల పరిశీలనకు సమయం దొరుకుతుంది. వంతుల పట్టిక నేనే తయారుచేసి తెచ్చాను.” పట్టిక చేతిలో ఉన్నప్పుడు కాదనడం కష్టమని నా అనుభవం.

అడగడానికి అదను

ఏప్రిల్ నుంచి మార్చి వరకు ఆర్థిక సంవత్సరంగా నడిచే సంస్థల్లో ఫారాలు చివర్లో నింపుతారు గానీ, ఎవరి పేరు ముందుకు వెళ్లాలన్న ఆలోచన అధికారుల మనసులో అంతకు చాలా ముందే కుదురుకుంటుంది. అందుచేత మార్చిలో అడిగితే ఆలస్యమైనట్టే. దసరా, దీపావళి సెలవులు అయ్యాక, అక్టోబరు చివర్లోనో నవంబరులోనో, ఒక అరగంట సమయం కావాలని మెయిల్ పెట్టి తీసుకోండి. నడవాలో ఎదురుపడినప్పుడో లిఫ్టులోనో ఈ విషయం ఎత్తవద్దు.

ఆ అరగంటలో పని పుస్తకం నుంచి ఏరిన నాలుగైదు విషయాలు ఒకే పేజీ మీద ఉండాలి. మాట ఇలా మొదలుపెట్టవచ్చు: “మేడమ్, ఈ ఏడాది నేను చేసిన పనుల్లో ముఖ్యమైనవి ఇవి. పై హోదాలో ఉన్నవారు చేసే పనుల్లో మూడు ఇప్పటికే నేను చేస్తున్నాను. ఈసారి నా పేరు పంపాలని కోరుతున్నాను.” చివరి వాక్యం పలకడానికి చాలామందికి నోరు రాదు. నాకూ మొదటిసారి రాలేదు, ఇంట్లో అద్దం ముందు నిలబడి నాలుగు రోజులు చెప్పుకున్నాను. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందన్న సామెత వింటూ పెరిగినవాళ్లం కనుక గట్టిగా అడగడం నోరు చెడ్డతనంగా తోస్తుంది. అడగనిదే అమ్మయినా అన్నం పెట్టదన్న సామెత కూడా మన భాషలోదే.

“వచ్చే ఏడాది చూద్దాంలే అమ్మా” అన్న జవాబు వస్తే తల ఊపి లేచి రావద్దు. “వచ్చే ఏడాదికి నా పనిలో ఏమేం కనిపిస్తే నా పేరు పంపగలరో చెప్పండి, రాసుకుంటాను” అని అక్కడే పుస్తకం తెరవండి. ఆయన చెప్పినవి రాసుకుని, ఆ రోజే ఒక మెయిల్ పెట్టండి: “ఈ రోజు మీరు నా కోసం సమయం కేటాయించినందుకు కృతజ్ఞతలు. మీరు సూచించిన మూడు విషయాలు ఇవి. వీటి ప్రగతి గురించి జనవరిలో మళ్లీ మిమ్మల్ని కలుస్తాను.” ఇందులో నిష్ఠూరం ఏమీ లేదు. కానీ ఇది ఉన్నాక, మరుసటి ఏడాది కొత్త కారణం చూపడం ఎవరికైనా ఇబ్బందిగా ఉంటుంది. అధికారి మారితే కొత్తవారి ముందు పెట్టడానికి కూడా ఈ మెయిలే ఆధారం.

పోర్టు, డాక్‌యార్డు, రైల్వే వంటి ప్రభుత్వ రంగంలో ఉన్నవారికి మరో దారి కూడా ఉంది. వార్షిక రహస్య నివేదికలో రాసిన ప్రతి వ్యాఖ్యనూ, అది మంచిదైనా చెడ్డదైనా, ఉద్యోగికి తెలియజేయవలసిందేనని సుప్రీంకోర్టు 2008లో దేవ్‌దత్ కేసులో చెప్పింది. “బాగుంది” అన్న రేటింగ్ చూడడానికి బాగానే ఉన్నా, ప్రమోషన్‌కు “చాలా బాగుంది” కావలసి వచ్చినప్పుడు అదే అడ్డవుతుందని ఆ తీర్పులోని తర్కం. 2009 నుంచి కేంద్ర ఉద్యోగులకు నివేదిక మొత్తం చూపిస్తున్నారు, అందిన నాటి నుంచి అభ్యంతరం చెప్పడానికి 15 రోజుల గడువు ఉంటుంది. ఆ 15 రోజులూ పెళ్లిళ్లలోనో పిల్లల పరీక్షల్లోనో గడిచిపోయిన సందర్భాలు నేను చాలా చూశాను. నివేదిక వచ్చిన రోజునే క్యాలెండరులో గడువు తేదీ చుట్టూ గీత గీసుకుని, పని పుస్తకం ముందేసుకుని, ఏ పనికి ఏ అంకె తగ్గిందో ఆధారంతో రాయండి. నాకు అన్యాయం జరిగిందన్న మాట ఒక్కసారి కంటే ఎక్కువ అక్కరలేదు.

జీతం మాట

ఒకే పనికి ఆడవారికి తక్కువ ఇవ్వకూడదని 1976 నాటి సమాన వేతనాల చట్టం చెప్పింది. 2019 వేతనాల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చి దాని స్థానం తీసుకుంది. ఒకే పని అంటే ఒకే పేరున్న హోదా అని అర్థం కాదు. కావలసిన నైపుణ్యం, శ్రమ, అనుభవం, బాధ్యత ఒకటే అయితే అది ఒకేవిధమైన పని. అతని కార్డు మీద సీనియర్ ఇంజినీరని, మీ కార్డు మీద ఇంజినీరని ఉన్నంత మాత్రాన వాదన ఆగిపోదు. నియామకంలోనూ స్త్రీ పురుష భేదం చూపకూడదని అదే కోడ్ చెబుతుంది.

జీతం అడిగేటప్పుడు పాత జీతం మీద ఇంత శాతం పెంచమని అడగడం మనకు నష్టం. మొదటి ఉద్యోగంలో తక్కువకు ఒప్పుకున్న అమ్మాయికి ఆ తక్కువే పదేళ్లపాటు వెంట వస్తుంది. ఆ హోదాకు సంస్థ ఇచ్చే కనిష్ఠం, గరిష్ఠం ఎంతని ముందు కనుక్కోండి, మీ అనుభవం ఆ మధ్యలో ఎక్కడ పడుతుందో చెప్పి ఆ అంకె అడగండి. తోటి మగ ఉద్యోగులను జీతం అడగడానికి మొహమాటపడతాము గానీ, సూటిగా కారణం చెప్పి అడిగితే చెప్పేవారు ఉన్నారు. నాకు నా జీతంలో తేడా తెలిసింది అలా ఒక సహోద్యోగి తన పే స్లిప్ నా బల్ల మీద పెట్టినందువల్లే.

ఇంటర్వ్యూలో “పెళ్లి ఎప్పుడు, పిల్లల ఆలోచన ఉందా” అని అడిగేవారు ఇప్పటికీ ఉన్నారు. పెళ్లి చేసుకోవాలంటే ప్రభుత్వ అనుమతి కావాలన్న నియమాన్ని విదేశాంగ సర్వీసులో తొలి మహిళ సి.బి.ముత్తమ్మ సుప్రీంకోర్టులో సవాలు చేశారు. 1979లో జస్టిస్ వి.ఆర్.కృష్ణయ్యర్ ఆ నియమాల తీరును తీవ్రంగా తప్పుపట్టారు. ఇన్నేళ్ల తర్వాత ఆ ప్రశ్నకు మనం సంజాయిషీ ఇచ్చుకోనక్కరలేదు. “ఈ ఉద్యోగానికి ప్రయాణాలు, షిఫ్టులు ఎన్ని ఉంటాయో చెప్పండి, అవి చేయగలనో లేదో చెబుతాను” అని మాటను పని వైపు మళ్లించండి.

కాన్పు సెలవు, తిరిగి రావడం

1999లో నాకు పాప పుట్టింది. అప్పట్లో చట్టం ఇచ్చే సెలవు 12 వారాలే. తిరిగి వచ్చాక ఆ ఏటి నివేదికలో నాకు “సగటు” అని పడింది. ఎందుకని అడిగితే మా అధికారి ఎంతో నెమ్మదిగా, “నువ్వు ఏడాదంతా లేవు కదమ్మా” అన్నారు. ఆయన చెడ్డవారు కారు, మా పాప బారసాలకు కూడా వచ్చారు. సెలవుకు ముందు తొమ్మిది నెలలు, ఎనిమిదో నెల కడుపుతో కూడా, నేను చేసిన పనిలో ఒక్క వాక్యమైనా ఆ ఫారంలో లేదు. ఆయనకు గుర్తులేదు, గుర్తుచేయడానికి నా దగ్గరా ఏమీ రాసి లేదు. ఆ ఒక్క మాట వల్ల నా ప్రమోషన్ రెండేళ్లు వెనక్కి పోయింది. ఆ తర్వాతి సోమవారం నుంచే నేను పని పుస్తకం మొదలుపెట్టాను.

2017 సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు వచ్చింది, అందులో 8 వారాల వరకు కాన్పుకు ముందే వాడుకోవచ్చు. ఇప్పటికే ఇద్దరు పిల్లలున్నవారికి 12 వారాలు. కాన్పు తేదీకి ముందు 12 నెలల్లో ఆ సంస్థలో 80 రోజులు పనిచేసి ఉండాలి. ఇప్పుడు ఇవే హక్కులు సామాజిక భద్రతా కోడ్‌లో ఉన్నాయి. నెలకు 21,000 రూపాయల వరకు జీతంతో ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా)లో ఉన్నవారికి ఆ డబ్బు ఈఎస్ఐ నుంచే వస్తుంది. మస్టర్ రోల్ మీద రోజుకూలీగా పనిచేసే మహిళలకూ ఈ హక్కు వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2000లో ఢిల్లీ నగరపాలక సంస్థ కేసులో తేల్చింది కనుక, కాంట్రాక్టు మీద ఉన్నామని వెనక్కి తగ్గవద్దు. సెలవులో ఉండగా ఉద్యోగం నుంచి తీసేయడం గానీ, నష్టం కలిగేలా ఉద్యోగ షరతులు మార్చడం గానీ చెల్లదు. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న చోట శిశుసంరక్షణ కేంద్రం ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లి రావచ్చు. పాలిచ్చే తల్లికి బిడ్డకు 15 నెలలు నిండేదాకా రోజుకు రెండు విరామాలు ఉంటాయి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినులకు ఇవిగాక, ఇద్దరు పిల్లలకు 18 ఏళ్లు వచ్చేలోపు మొత్తం 730 రోజుల శిశుసంరక్షణ సెలవు ఉంది, దాంట్లో మొదటి 365 రోజులకు పూర్తి జీతం, తరువాతి 365 రోజులకు 80 శాతం.

హక్కులు తెలిసినంత మాత్రాన ఆ “సగటు” ఆగదు. దానికి చేయవలసింది సెలవుకు ముందే ఉంది. వెళ్లడానికి ఆరు వారాల ముందు, ఆ ఏడాదిలో అప్పటివరకు పూర్తిచేసిన పనుల జాబితా అధికారికి మెయిల్ పెట్టండి. ఏ పని ఎవరికి అప్పగిస్తున్నారో, ఏది ఏ దశలో ఉందో వేరే కాగితం మీద రాయండి. “ఈ ఏడాది రేటింగ్ నేను పనిచేసిన నెలలను బట్టి ఇవ్వాలని కోరుతున్నాను” అన్న వాక్యం ఆ మెయిల్లోనే చేర్చండి. సెలవులో ఆఫీసు ఫోన్లు ఎత్తవలసిన అవసరం లేదు, పసిబిడ్డతో గడిపే ఆ నెలలు మీవి. తిరిగి రావడానికి రెండు వారాల ముందు మాత్రం ఒకసారి ఫోను చేసి, ఏ పని మీ కోసం ఉంచారో కనుక్కోండి. చిన్న పని ఇచ్చి “నీకు తేలికగా ఉంటుందని” అంటే, మూడు నెలలు చూసి మళ్లీ పాత స్థాయి పనికి వస్తానని అప్పుడే తేదీతో సహా చెప్పాలి, లేకపోతే ఆ తేలిక పని అలాగే స్థిరపడిపోతుంది.

2023లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ పొందిన క్లాడియా గోల్డిన్ చూపించినది కూడా ఇదే. నేటి స్త్రీ పురుషుల సంపాదనలో తేడా చాలావరకు మొదటి బిడ్డ పుట్టినప్పటి నుంచే మొదలవుతుంది. ఎప్పుడు పిలిస్తే అప్పుడు రాగలవారికి ఎక్కువ చెల్లించే ఉద్యోగాలు ఆ తేడాను ఇంకా పెంచుతాయి. అమెరికా లెక్కల మీద ఆమె చేసిన ఆ పరిశోధన గురించి చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది మా ఆఫీసే.

షిఫ్టు, సైటు, దూరం

పరవాడ, అచ్యుతాపురం వైపు ప్లాంట్లలో, షిప్‌యార్డుల్లో, స్టీలు ప్లాంటు వంటి చోట్ల పైకి వెళ్లాలంటే సైటు అనుభవం, ప్లాంటు ఆపి మరమ్మతులు చేసే షట్‌డౌన్ పనుల అనుభవం తప్పనిసరి. ఆడపిల్లకు రాత్రి షిఫ్టు ఎందుకులే అని జాలిపడి ఆఫీసు బల్ల దగ్గర కూర్చోబెట్టే అధికారి, ఐదేళ్ల తర్వాత “ఈమెకు సైటు అనుభవం లేదు” అని రాస్తారు. ఆ జాలి వెనక దురుద్దేశం ఉండకపోవచ్చు, నష్టం మాత్రం అంతే. కొత్త వృత్తి భద్రతా కోడ్ ప్రకారం మహిళలను ఏ పనికైనా తీసుకోవచ్చు. రాత్రి 7 తర్వాత, ఉదయం 6కు ముందు పనిచేయాలంటే ఆమె సమ్మతి ఉండాలి, నిర్దేశించిన భద్రతా ఏర్పాట్లు ఉండాలి. సమ్మతి ఆమెదే కావాలి కాబట్టి, ఆమె తరఫున వద్దనే అధికారం కూడా మరెవరికీ లేదు. షట్‌డౌన్ జాబితా తయారవుతున్నప్పుడే “నన్ను కూడా వేయండి” అని రాసి ఇవ్వండి. దాంతోపాటు ఇంటి గుమ్మం దాకా బండి, ప్లాంటు లోపల మరుగుదొడ్డి, కొలతకు సరిపోయే సేఫ్టీ బూట్లు కావాలని కూడా అడగండి. మగవారి కొలత బూట్లలో దూది కుక్కుకుని నిచ్చెనలు ఎక్కిన రోజులు నాకు గుర్తున్నాయి, అది ప్రమాదం కూడాను.

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మనకు ప్రయాణం ఉచితం. ఛార్జీ భయంతో దగ్గరి చిన్న ఉద్యోగానికి సర్దుకుపోయినవారు ఇప్పుడు ఆ లెక్క మళ్లీ వేసుకోవచ్చు.

వేధింపు ఎదురైతే

ఈ విషయంలో మన ఊరి పేరు దేశమంతటా వినిపించింది గానీ అది యాదృచ్ఛికం. రాజస్థాన్‌లో బాల్యవివాహాన్ని ఆపబోయినందుకు 1992లో సామూహిక అత్యాచారానికి గురైన గ్రామ కార్యకర్త భంవరీ దేవి విషయంలో సుప్రీంకోర్టుకు వెళ్లిన సంస్థల్లో ఒకదాని పేరు విశాఖ. ఆ పేరుతోనే, పనిచేసే చోట లైంగిక వేధింపులను ఆపడానికి 1997 ఆగస్టు 13న విశాఖ మార్గదర్శకాలు వచ్చాయి. 2013లో అవి చట్టంగా మారాయి.

పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. సీనియర్ మహిళ అధ్యక్షురాలిగా, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలుగా, బయటి నుంచి ఒకరు ఉండేలా దాన్ని వేయాలి. ఉద్యోగంలో చేరిన వారంలోనే ఆ కమిటీ సభ్యుల పేర్లు నోటీసు బోర్డు మీద ఉన్నాయో లేదో చూసి పుస్తకంలో రాసుకోండి, అవసరం పడ్డ రోజున వెతుక్కోవడానికి మనసు సహకరించదు. పదిమంది కంటే తక్కువ ఉన్నచోట, లేదా యజమాని మీదే ఫిర్యాదు అయినప్పుడు, జిల్లా స్థానిక కమిటీకి ఇవ్వాలి. ఇక్కడ ఒక చిన్న జాగ్రత్త అవసరం. పరవాడ, అచ్యుతాపురం 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లాలోకి వెళ్లాయి కనుక, మీరు ఉండేది ఎంవీపీ కాలనీలో అయినా పనిచేసేది అక్కడైతే అనకాపల్లి జిల్లా కమిటీకే వెళ్లాలి. కేంద్ర ప్రభుత్వ షీ బాక్స్ పోర్టల్ ద్వారా కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు.

జరిగిన రోజు నుంచి 3 నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, తగిన కారణం ఉంటే మరో 3 నెలలు పొడిగిస్తారు. ఆరు ప్రతులు, దొరికిన ఆధారాలు, సాక్షుల పేర్లు జతచేయాలి. తేదీ, సమయం, చోటు, అన్న మాట అన్నట్టుగా రాయండి. సభ్యంగా ఉండదని ఆ మాటను మార్చి “అసభ్యంగా మాట్లాడారు” అని రాస్తే కేసు బలహీనపడుతుంది. మీ ఫిర్యాదు కాపీ ఒకటి 7 పనిదినాల్లో ఎదుటివారికి వెళ్తుంది, 90 రోజుల్లో విచారణ ముగియాలి, నివేదిక అందిన 60 రోజుల్లో యాజమాన్యం చర్య తీసుకోవాలి. ఈ లోపల ఆయన్ని గానీ మిమ్మల్ని గానీ వేరే చోటికి మార్చమని, 3 నెలల వరకు సెలవు ఇప్పించమని, మీ పనితీరు నివేదిక ఆయన రాయకుండా ఆపమని కోరవచ్చు. ఈ చివరిది చాలామందికి తెలియదు, కెరీర్ దృష్ట్యా అన్నిటికంటే ముఖ్యమైనది అదే. రుజువు కాలేదన్న ఒక్క కారణంతో ఫిర్యాదును అబద్ధంగా చూడకూడదని చట్టంలోనే ఉంది. రాజీ కుదుర్చుకోవచ్చు గానీ అది డబ్బు ఇచ్చిపుచ్చుకోవడం మీద జరగకూడదు.

న్యాయవాదికి డబ్బు లేదని ఎవరూ ఆగనక్కరలేదు. 1987 న్యాయసేవల చట్టం కింద మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం అందుతుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లవచ్చు, లేదా 15100కు ఫోను చేయవచ్చు. తక్షణ సాయానికి మహిళల హెల్ప్‌లైన్ 181 ఉంది.

ఇంట్లో

ఇది చిన్న విషయమని కాదు గానీ, చెప్పవలసింది క్లుప్తంగానే ఉంది. పనులు పంచుకుందామని భర్తతో అంటే “చెప్పు, చేస్తాను” అంటారు. చెప్పే బాధ్యత మళ్లీ మనమీదే ఉంటుంది. అందుకని ఒక్కో పని మొత్తం ఆయనకే వదిలేయాలి. పాప స్కూలు విషయాలు ఆయనవైతే, యూనిఫాం కొలతల నుంచి పేరెంట్స్ మీటింగ్ తేదీ వరకు ఆయనే గుర్తుపెట్టుకోవాలి, స్కూలు రికార్డులో మొదటి ఫోను నంబరు కూడా ఆయనదే ఉండాలి. అత్తయ్యగారో అమ్మో పిల్లల్ని చూసుకుంటున్నట్లయితే, వారానికి ఒక రోజు వారికి పూర్తి విశ్రాంతి దొరికేలా చూడండి. నా ఉద్యోగం నిలబడడానికి మా అత్తయ్యగారు ఇచ్చిన పదేళ్లు కారణం, ఆ మాట ఆవిడతో చాలా ఆలస్యంగా చెప్పాను.

మీరు ఆ గదిలోకి వెళ్లాక

ఏదో ఒక ఏడు మీరే ఆ తలుపు లోపల కూర్చుంటారు. మొదటి సమావేశానికి ముందే మీ కింద పనిచేసేవారి మెయిళ్లన్నీ మళ్లీ ఒకసారి చదవండి, ఎందుకంటే ఫారంలో తమ పని రాసుకోవడం తెలియనివారి పని అక్కడ దొరుకుతుంది. చర్చ మొదలుకాక ముందే అందరూ ఎవరి అంకెలు వారు కాగితం మీద వేసి పెట్టాలని అడగండి. పెద్ద అధికారి ముందుగా మాట్లాడితే మిగతావారి అంకెలు ఆ వైపు ఒరిగిపోతాయి. “ఆవిడకు చిన్న పిల్లలున్నారు, ట్రాన్స్‌ఫర్ ఇస్తే వెళ్లలేదేమో” అని ఎవరైనా అంటే, ఆవిడను అడిగారా అని అడిగి, అడిగి వచ్చేదాకా ఆ పేరు పక్కన పెట్టించండి. అదే వయసు పిల్లలున్న మగ ఉద్యోగి పేరు వచ్చినప్పుడు ఆ ప్రశ్న రాలేదని కూడా అక్కడే చెప్పండి.

నేను పాల్గొన్న చివరి సమావేశంలో కాన్పు సెలవులో ఉన్న ఒక అమ్మాయి పేరు జాబితాలో చివరన ఉంది. సాయంత్రం ఆరు దాటింది, అందరూ లేవబోతున్నారు. ఆ ఫైలు తెరవమన్నాను. లోపల, సెలవుకు ఆరు వారాల ముందు ఆమె పంపిన మెయిల్ ప్రింటు తీసి పెట్టి ఉంది, తేదీలతో, అంకెలతో, ఒకటిన్నర పేజీ. దాన్ని గట్టిగా చదవమని హెచ్ఆర్ నుంచి వచ్చిన అబ్బాయిని అడిగాను. అతను చదవడం ముగించాక మా డైరెక్టర్ మళ్లీ కుర్చీలో కూర్చున్నారు.